మొనల పెళ్లి

బాత్‌రూమ్ కుళాయి షాక్ కొట్టింది.

చీమ కుట్టినట్టు అనిపించిందంతే, అంది అక్క. తమ్ముడు అలా వదిలేయలేకపోయాడు. ఇళ్లకు వైరింగ్ చేయడం అతని పని. మెయిన్ ఆపి, గీజర్ తీగలు ఊడదీసి, సంచిలోంచి తన పాత మెగ్గర్ తీశాడు. తీగ మీది పూత ఎంత గట్టిగా ఉందో చెప్పే పెట్టె అది. అంకె ఎంత పెద్దదైతే అంత క్షేమం.

ఎప్పటిలాగే ముందు దాని రెండు మొనలనూ ఒకదానికొకటి ఆనించి పిడి తిప్పాడు. ముల్లు సున్నాకు వచ్చింది. అలా రాకపోతే ఆ మీటరు మాట నమ్మకూడదు.

"మళ్లీ పెళ్లి చేస్తున్నావట్రా వాటికి?" అంది అక్క. అతను ఈ పనిలో చేరిన నాటి నుంచీ ఆవిడది అదే వేళాకోళం.

తర్వాత ఒక మొన గోడలోని తీగకూ, ఇంకొకటి ఎర్త్‌కూ పెట్టాడు. ముల్లు పైకి లేవనే లేదు.

"గోడ తవ్వాలి బావా. లోపల తీగ పాడైంది."

బావ కొత్తగా వేయించిన టైల్స్ వైపు చూశాడు. "పాడైంది తీగ కాదేమో, నీ డబ్బా. నాకంటే ముసలిది. పైగా పిడి తిప్పేదీ నువ్వే, ముల్లు చూసేదీ నువ్వే."

ఆ మాట తమ్ముడి మనసులో గుచ్చుకుంది. గీజర్ లైను విప్పేసే ఉంచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచీ అక్క మోకాళ్ల నొప్పులతో వంటింట్లోంచి వేణ్ణీళ్లు మోసుకుంటోంది. చూడలేక చివరికి అతనే దిగివచ్చాడు. కొత్త మీటరు కొందాం, అది ఏం చెబితే అదే, అన్నాడు.

దుకాణదారు మూడు రకాలు ముందు పెట్టాడు. ఇళ్లకైతే ఐదువందల వోల్టులది చాలన్నాడు. తమ్ముడి చెయ్యి పిడి ఉన్నదాని మీదికే పోయింది. బావ మాత్రం అద్దాల బీరువాలో ఉన్న తెర మీటరు చూపించాడు. బొత్తాం నొక్కితే అంకె దానంతటదే పడుతుంది, గదిలో అందరికీ కనబడుతుంది.

"అది ఒక్కటే ఉందండీ. వచ్చినవాళ్లంతా దాని తీగలు లాగి, తిప్పి చూసిందే. ఒకసారి సరిచూసుకుని తీసుకోండి," అన్నాడు దుకాణదారు.

"కొత్తదాని మీద కూడా అనుమానమేనా?" అన్నాడు బావ.

తమ్ముడు సిగ్గుపడి, సరిచూడకుండానే సంచిలో పెట్టించుకున్నాడు.

బాత్‌రూమ్‌లో చెమ్మ వాసన వేస్తోంది. టైల్స్ సందులోంచి నీళ్లు సన్నగా ఊరుతున్నాయి. బావ చేత్తో తుడిచేశాడు. అక్క తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడింది.

తమ్ముడు మెయిన్ ఆపి, మనసులో దేవుణ్ణి తలుచుకున్నాడు. ఏమని అడగాలో తెలియలేదు. తన మాట నిలబడాలనా, అక్క ఇల్లు బాగుండాలనా? రెండోదే అడిగి, మొనలు తీగకూ ఎర్త్‌కూ పెట్టి బొత్తాం నొక్కాడు.

ఆ మీటరు చూపగలిగిన అతి పెద్ద అంకె పడింది.

బావ నవ్వలేదు, భుజం తట్టాడు. "పోనీలే. డబ్బా ముసలిదైతే నీ తప్పా?"

అడిగింది దొరికిందని తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. గీజర్ తీగలు తన చేత్తోనే మళ్లీ బిగించాడు. మెయిన్ కూడా తనే వేశాడు. అక్క లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

అతను మీటరు సర్దుతుంటే తలుపు వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏరా, కొత్తవాటికి పెళ్లి చేయలేదేం?"

లోపల బకెట్టు కుళాయి కిందికి జరిపిన చప్పుడైంది.

తమ్ముడు నవ్వుకుంటూ మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించి బొత్తాం నొక్కాడు. తెర మీద సున్నా రాలేదు, ఇందాకటి పెద్ద అంకే వచ్చింది.