మబ్బులేని రాత్రి

యుద్ధకాలంలో, ఎగురుతున్న ఒక విమానంలోంచి ఇంకోదానికి గొట్టంతో పెట్రోలు పట్టబోతే రెండూ గాలిలోనే కాలిపోయాయి. గొట్టం పట్టుకున్న కూలీ, పురానాపూల్‌కు చెందిన కొండల్, తిరిగి రాలేదు.

నాలుగో రాత్రి మిలిటరీ మున్షీ ఒక కాగితం పట్టుకుని అతని భార్య ఆండాలు కందిలి దీపం పెట్టుకుని కూర్చున్న వాకిట్లోకి వచ్చాడు.

"నీ మొగడు విమానం ఎక్కనేలేదు. పని ఇడిసి పారిపోయిండు. పైసలేం రావు. వేలిముద్ర వెయ్యి."

ఆండాలుకు ఒళ్లు మండిపోయింది. "నా చేతి బువ్వ తిని డ్యూటీకి పోయినోడు పారిపోయిండా?"

కాగితం మీద ఒక చుక్క పడింది. రెండోది మున్షీ చొక్కా మీద పడి, పెట్రోలు వాసన గుప్పుమంది. పైన నక్షత్రాలు తప్ప ఏమీ లేవు. విమానం మోత మాత్రం దగ్గరవుతోంది.

"కందిలి ఆర్పు!" మున్షీ వెనక్కి గెంతాడు.

ఆండాలు కందిలి అందుకుని వత్తి పెంచింది.

"ఇప్పుడు చెప్పు. నా మొగడు ఎక్కిండా, లేదా?"