ఓడలో రాని పని

"మీటరుకు అరవై యూరోల కంటే తగ్గను రామోనా. కలప ధర ఎలా మండిపోతోందో నీకు తెలీదు," అన్నాడు ఇంగోల్ఫ్, కొలతల టేపు చుట్టుకుంటూ.

రామోనా కాఫీ పోసింది. ఆమె పెరటి కంచె చలికాలం గాలికి కూలిపోయింది. కొత్తది కట్టే పని అతనికే ఇస్తానని ఆమె అప్పుడే మాటిచ్చింది కాబట్టి, పిలవకపోయినా ఇంగోల్ఫ్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. ముప్పై రెండు మీటర్లు. ఈ పని దొరికితే అతని వడ్రంగి కొట్టు వేసవి దాకా నిలుస్తుంది. లేకపోతే శుక్రవారమే తాళం. ఆ సంగతి ఆమె దగ్గర దాచలేదు. జర్మనీ సరిహద్దులో ఓడర్ ఏటి ఒడ్డున సోలార్ ప్యానెళ్ళ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పక్కపక్క బల్లల మీద పనిచేసినవాళ్ళు మరి.

ఆ ఫ్యాక్టరీని చైనా సరుకు మింగేసింది. ఇక్కడ తయారీకయ్యే ఖర్చు కంటే తక్కువకే అక్కడి ప్యానెళ్ళు రేవులో దిగేవి. మన పనితనం, మన నాణ్యత అంటూ పెద్దలు ఉపన్యాసాలు దంచారు. కొనే దగ్గరికొచ్చేసరికి అందరూ చవక సరుకే కొన్నారు. చివరి రోజు గేటు దగ్గర రామోనా వెక్కివెక్కి ఏడ్చింది.

యాభై మూడేళ్ళ వయసులో ఇంగోల్ఫ్ వడ్రంగం నేర్చుకున్నాడు. "ఈసారైనా ఓడలో రాని పని చూసుకో," అంది భార్య హైకె. చెక్క కంచెలు ఎంచుకున్నాడు. కంచెను సముద్రం దాటించి ఎవడు తెస్తాడు?

"సరే, యాభై ఐదు."

"నువ్వు తగ్గించకు. కేకు తిను."

"ఎవరో తక్కువ చెప్పారు నీకు. మొహం చూస్తే తెలుస్తోందిలే. ఏటి అవతలి పోలండు వాళ్ళేనా?"

ఆమె కేకు పళ్ళెం అతని ముందుకు జరిపింది.

"వాళ్ళది పచ్చి కర్ర. రెండు వానలకే వంకరపోతుంది. యాభై ఇవ్వు. నా కూలి వేసుకోను."

"మరి నువ్వేం తింటావు?"

"నీ కేకు." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

"పోలండు వాళ్ళు కాదు," అంది రామోనా. "నీకు చెబుదామని మూడుసార్లు ఫోన్ తీశాను. చేతులు రాలేదు. నా పింఛనెంతో నీకు తెలుసుగా. తిట్టు, పడతాను. ఏం కొన్నావని మాత్రం అడక్కు."

"కొనేశావా!" ఇంగోల్ఫ్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "వెనక్కి పంపెయ్. నలభై. నష్టానికే కడతాను."

"అయినా అదే చవక, ఇంగోల్ఫ్."

ఇంగోల్ఫ్‌కు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెట్టు కొట్టి, కోసి, ఎండబెట్టిన కలప కంటే చవకగా కంచె దేనితో కడతారు? పొట్ట కొట్టినవాడెవడో తెలియకుండా ఇంటికెళ్ళి హైకెకు ఏం చెప్పాలి?

"చూపించు," అన్నాడు.

రామోనా పెరట్లోకి నడిచి షెడ్డు తలుపు తీసింది. గోడకు ఆనించి, టార్పాలిన్ కప్పిన దొంతర ఉంది.

"నిన్ననే దిగాయి," అంది నేల చూస్తూ. "వరసగా నిలబెట్టి బిగిస్తే చాలట, కంచె అయిపోతుందట."

ఇంగోల్ఫ్ టార్పాలిన్ లాగాడు.

అన్నీ చైనా సోలార్ ప్యానెళ్ళే.