మీసం భయం

బాత్రూం గొళ్లెం పెట్టుకుని పన్నెండేళ్ల పిల్ల లోపలే ఉండిపోయింది. నాన్న రేజరుతో పైపెదవి మీది నూగు గీసేసుకుంది.

"తలుపు తియ్యవే!" అని అరిచింది అమ్మ.

"తియ్యను. గీస్తే మగాళ్లలా మీసాలొస్తాయన్నావుగా!"

అమ్మ పక్కనున్న పిన్ని నర్సు. "పిచ్చిదానా, గీసినంత మాత్రాన ఒత్తుగా రావు. కొసలు తెగి గరుగ్గా తగులుతాయి, అంతే" అంది నవ్వుతూ.

బయటి నుంచి అమ్మ గొంతు పీలగా వినిపించింది.

"నిజమేనటే? మరి నా గడ్డం మీద ఎందుకొస్తున్నాయి? పదిహేనో ఏట ఒక్కసారి గీశాను. చేతులారా చేసుకున్నాననుకుని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు."

"అయ్యో అక్కా! అది గీయడం వల్ల కాదు. ఒంట్లో ఏదో తేడా ఉండొచ్చు. రేపు డాక్టరమ్మకి చూపిద్దాం."

"ఆవిడ నవ్వుతుందేమోనే..."

పిల్ల తలుపు తీసింది. అమ్మ అరచేత్తో గడ్డం కప్పుకుని నిలబడి ఉంది.

"నేనూ వస్తానమ్మా నీతో" అంది పిల్ల.