పొదిగే కోడి పక్కన గుంట

సర్వే ఆఫీసరు పద్మనాభయ్య మెడలో వేలాడుతున్న, నేలలోని ధాతువును పసిగట్టే పెట్టె ఒక్కసారిగా రెచ్చిపోయింది. ఊరంతా తిరిగినంతసేపూ అప్పుడొకటి ఇప్పుడొకటిగా టక్కుమన్నది, మగ్దలీనమ్మ దొడ్లో కోళ్ళ గంప దగ్గరికి రాగానే నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటలాడింది.

"ఆ గంప తియ్యమ్మా" అన్నాడాయన.

"తీసేదానికి లేదు సార్. కోడి పొదుగుతా ఉండాది. లేపితే గుడ్లన్నీ మురిగిపోతాయి" అంటూ మగ్దలీనమ్మ అడ్డం నిలబడింది.

సమాధానం అనే ఆమె మొగుడు గుమ్మంలోంచి గంప వంకే చూస్తున్నాడు. కోడి కింద గుడ్లు, గుడ్ల కింద ఇసక, ఆ ఇసకలో ఏముందో అతనికి తెలుసు. పెళ్ళిళ్ళకూ, చర్చి కూడికలకూ పెట్రోమాక్స్ లైట్లు అద్దెకివ్వడం అతని పని. మొన్న ఆఫీసరు గుడారంలో లైటు వెలిగిద్దామని మంట చుట్టూ కట్టే గుడ్డ తిత్తులు, కొత్త మాంటిళ్ళ పొట్లం విప్పగానే ఈ పెట్టె ఇట్లాగే గోల చేసింది. "మేము సముద్రం ఒడ్డున నల్ల ఇసకలో వెతికే ధాతువే దీనికీ పట్టిస్తారయ్యా" అని ఆఫీసరు నవ్వాడు. నోరూరుకోక ఆ ముచ్చట ఇంటికొచ్చి చెప్పాడు సమాధానం. తెల్లారి చూస్తే అటక మీద మాంటిళ్ళ డబ్బా ఖాళీ!

మగ్దలీనమ్మ బాధ మగ్దలీనమ్మది. మంచినీళ్ళకు రోజూ బిందెతో ఇసక దిబ్బలు దాటి పోవాలి. దొడ్లో దొరువు తవ్వుకుందామంటే, నీళ్ళు కనబడకముందే చుట్టూ ఇసక కూలి గుంట పూడిపోతుంది. సర్కారు మనుషుల దగ్గరేమో ఇసకను ఆపే చెక్కపలకలున్నాయి. వాళ్ళు ఆమె దొడ్లోనే తవ్వడానికి ఒక కారణం కావాలి, అంతే.

"ఏమ్మే, ఇది అబద్ధం గాదా? ఆదివారం ఏ మొగంతో గుడికి పోతాం?" అని గొణిగాడు సమాధానం.

"నేనేమన్నా అంటినా? అంటా ఉండేది ఆ పెట్టె. గమ్మునుండు."

ఆఫీసరు కోడి వంక చూశాడు. కోడి కూడా ఆయన వంక గుర్రుగా చూసింది.

"సరే, పొదిగే కోడి జోలి మనకెందుకు? గంప పక్కన తవ్వండి. ఈ ఊళ్ళో ఎట్లాగూ నాలుగైదు గుంటలు తవ్వి పొరలు చూడాల్సిందే" అన్నాడు కూలీలతో.

పైన తెల్ల ఇసక, దాని కింద వేలు మందాన నల్లటి చార, మళ్ళీ తెల్లది, మళ్ళీ నల్లది. పలకలు దించుతూ తవ్వుతున్నారు. ఆఫీసరు గుప్పెడు నల్ల ఇసక తీసి మురిసిపోయాడు.

"చూడమ్మా, తుఫాను అలలు తేలిక ఇసకను లాక్కుపోతాయి. బరువైంది ఇట్లా మిగిలిపోతుంది. ఒక్కో చార ఒక్కో తుఫానన్న మాట."

"అట్నా సార్? ఇంకా కింద ఇంకా పెద్ద తుఫాన్లు ఉంటాయేమో!" అంది మగ్దలీనమ్మ ఆశగా.

పక్కింటి మస్తానమ్మ దడి మీద నుంచి తొంగి చూసింది. "ఏందక్కా, మీ దొడ్లో బంగారమా? మా దొడ్డేం పాపం చేసింది?"

ఆఫీసరు అందించిన పెట్టెతో గుంటలోకి దిగిన మేస్త్రీ పోలేరయ్య మొహం పైకెత్తాడు. "సార్, కిందికి పోయేకొద్దీ పెట్టె చప్పబడతా ఉండాది. ఆపేద్దామా?"

మగ్దలీనమ్మ గుంట అంచుకు జరిగింది. ప్రభువా, ఇంకొక్క మూర, అని కళ్ళు మూసుకుంది.

"ఇంకొంచెం దించు" అన్నాడు ఆఫీసరు.

ఇసక తడిగా తగిలింది. పోలేరయ్య మళ్ళీ అడిగాడు. ఆఫీసరు మళ్ళీ అదే మాట అన్నాడు. కాసేపటికి కింద నుంచి కేక వినబడింది. "సార్, నీళ్ళు! కొబ్బరినీళ్ళే అనుకోండి!"

మగ్దలీనమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మొదటి చెంబు ఆఫీసరుకే ఇచ్చింది. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"గుంట పూడ్చమంటారా సార్?" అని పార అందుకున్నాడు పోలేరయ్య.

"వద్దు. పలకలు కూడా అట్లాగే ఉండనీ."

ఆ మంచితనానికి మగ్దలీనమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. మొగుడు కళ్ళతో వారిస్తున్నా ఆఫీసరు వెనకాలే దడి దాకా పరిగెత్తింది.

"సార్, మీకొక మాట చెప్పుకోవాల. ఆ కోడి కింద..."

"తెలుసమ్మా" అని ఆఫీసరు గొంతు తగ్గించాడు. "అది మేతకు లేచినప్పుడు ఆ మాంటిళ్ళు తీసి మస్తానమ్మకివ్వండి. రేపు పెట్టె వాళ్ళ దొడ్లో అరవాలి."