కొట్టేయవలసిన పేరు

“అటు వేడిగానూ లేడు, ఇటు చల్లగానూ లేడు. అలాంటివాణ్ణి ఉమ్మేస్తానని ప్రభువే అన్నాడు. మింగడానికి మనమెవరం?” అన్నాడు మందులషాపాయన.

ఆదివారం ఆరాధన ముగిసింది. మందిరం వెనక గదిలో సంఘపెద్దలు ముగ్గురూ కూర్చున్నారు: మందులషాపాయన, ఆయన బావమరిది, టైలరమ్మ. ఎదురుగా పాస్టరుగారు. బల్లమీద సభ్యుల పుస్తకం.

పాస్టరుగారు అడిగింది ఒక్కటే. “మన సంఘంలో ఒక మనిషున్నాడు. మోకరిస్తాడు, మాట రాదు. పాడతాడు, లోపల ఏమీ కదలదు. చావింట్లో కూర్చుని కూడా ఎప్పుడు లేద్దామా అని గడియారం చూసుకుంటాడు. ఏడాదిగా ఇదే వరస. అతని రక్షణ పోయినట్టేనా? పేరు తర్వాత చెబుతాను.”

పేరెందుకు? మందులషాపాయనకి ఇట్టే తెలిసిపోయింది. వడ్రంగి! ప్రసంగం సగమయ్యాక వచ్చి, ఆఖరి బెంచీలో ఆవలించి, అందరూ ఆమేన్ అనేలోపే చెప్పులేసుకునే శాల్తీ ఇంకెవడున్నాడు? ముప్ఫై ఏళ్లలో ఒక్క ఆదివారమూ తప్పని తనకి ఆ మనిషిని చూస్తేనే కంపరం.

“గడువు తీరిన మందండీ వాడు. సీసా మీద పేరుంటుంది, లోపల పస ఉండదు. అలాంటివి నేను అలమరలో ఉంచను, పారేస్తాను.”

“ప్రభువు చేతిలోంచి మనల్ని ఎవరూ లాక్కోలేరని కూడా బైబిల్లో ఉంది కదా బావా?” నసిగాడు బావమరిది.

“లాక్కోలేరు. తనంతట తనే దూకేవాణ్ణి ఎవడాపుతాడు?”

అక్క మొగుడితో వాదించి గెలిచిన చరిత్ర బావమరిదికి లేదు.

“అసలంటూ ఉంటే కదా పోవడానికి!” మూతి తిప్పింది టైలరమ్మ. “పైన పట్టు, లోపల గోనె. అలాంటివాళ్లని ఎంతమందిని చూళ్లేదు!”

“కొన్నాళ్లు అతని పక్కన కూర్చుని ప్రార్థన చేస్తే?” అన్నారు పాస్టరుగారు.

“కుక్క తోకకి బద్దలు కడితే వంకర పోతుందా?” నవ్వాడు మందులషాపాయన. పక్క హాల్లో విరిగిన బెంచీకి మేకులు కొడుతున్న వడ్రంగిని కేకేసి పిలిచాడు. “ఇలా రా. నీ గురించే మాట్లాడుకుంటున్నాం.”

వడ్రంగి చేతులు దులుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. పాస్టరుగారు చెప్పిందంతా మళ్లీ చెప్పారు. వడ్రంగి తల వంచుకుని విన్నాడు.

“నేను కాదండీ. మోకరిస్తే నాకు నిద్రొస్తుంది, అంతే. బెంగ రాదు. ఆయనెవరో మీదాకా వచ్చి చెప్పుకున్నాడంటే ఎంత నలిగిపోతున్నాడో! రక్షణే పోతే ఆ బెంగ కూడా పోవాలి కదండీ? చచ్చిన వేలికి ముల్లు గుచ్చితే నొప్పేస్తుందా? ఆయన్ని ఒంటరిగా వదిలేయకండి.”

పాస్టరుగారు అతనివైపే చూస్తూ ఉండిపోయారు.

“దొరికిపోయినవాడికే ఇన్ని మాటలొస్తాయి,” పెదవి విరిచాడు మందులషాపాయన. “వెళ్లి నీ బెంచీ చూసుకో.”

వడ్రంగి వెళ్లిపోయాడు. ఆ మనిషిని సంఘంలోంచి తీసేద్దామన్న మాటకి మందులషాపాయన చెయ్యెత్తాడు. టైలరమ్మ ఎత్తింది. బావ వైపు ఓ చూపు చూసి బావమరిది కూడా ఎత్తాడు.

మందులషాపాయన పుస్తకాన్ని ముందుకు తోశాడు. “మీ చేత్తోనే కొట్టేయండి. వచ్చే ఆదివారం అందరి ముందూ నేనే చదువుతాను.”

“ఇంకోసారి ఆలోచించండి,” అన్నారు పాస్టరుగారు.

“ఆలోచించేదేముంది? ఆ మొహం ఇక ఈ మందిరంలో కనబడకూడదు!”

జాలిగుండె మనిషి, ఇంకో పాస్టరైతే ఎప్పుడో కొట్టేసేవాడు అనుకున్నాడు మందులషాపాయన. పాస్టరుగారు పుస్తకం తెరిచారు. పేజీలు తిరిగాయి. వడ్రంగి పేరున్న పేజీ దాటిపోయింది. మందులషాపాయన మెడ సాచి చూశాడు. కలం ఒక వరస దగ్గర ఆగింది, నిదానంగా గీత గీసింది.

పాస్టరుగారు తన పేరే కొట్టేసుకున్నారు.