మంచానికి కట్టిన తాడు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చో. చేతులు ఊరికే ఉంచకుండా, ఈ పాత చీర అంచు విప్పుతూ విను.

బిట్రగుంటలో మా వీధి వెంకటశేషమ్మ కూతురు వాణికి పెద్దాపరేషను చేసి ఆడపిల్లను తీశారు. ఆరో రోజు పుట్టింటికి తెచ్చుకున్నారు.

తెచ్చుకున్నారు గానీ, వాణి మంచం మీద నుంచి లేవలేదు.

పిల్ల ఉయ్యాలలో ఏడుస్తుంది. చేయి చాపితే అందదు. లేద్దామంటే కుట్లు పట్టేస్తాయి. వెంకటశేషమ్మ చంకల కింద చేతులేసి లాగితే ప్రాణం పోయినంత పనవుతుంది. అల్లుడు ప్రవీణ్ నెల్లూరులో కొన్న నడుం బెల్టు సరిగ్గా కుట్టు మీదే ఒరుసుకుంటోందని మేకుకు తగిలించారు.

"కన్నానే గానీ, బిడ్డను ఎత్తుకునే రాత లేదమ్మా నాకు," అని వాణి గోడ వైపు తిరిగి పడుకుంది.

అప్పుడొచ్చింది ఆయేషా, బొంతలు కుట్టడానికి. స్టేషను వెనక వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన పిల్ల. మా వైపు పసిబిడ్డను కొత్తగుడ్డ మీద పడుకోబెట్టరు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరే బొంత కావాలి. ఆ బొంతల కోసం వెంకటశేషమ్మ పురుటికి ముందే ఆమెకు కబురు పంపింది.

వరండాలోకి రాగానే ఆయేషా అడిగింది. "ఆ చీరల మూట కాస్త ఇటు పెట్టండి పెద్దమ్మా, నేను ఎత్తలేను."

"పాతికేళ్ళు లేవు. మూట ఎత్తలేవా మే?"

"కింద కూడా కూర్చోలేను. కుర్చీ ఉంటే వేయండి. చిన్న బొంతలే గదా, ఒళ్ళో పెట్టుకుని కుట్టేస్తా."

"ఇంకేం కావాల? ఫ్యానా?"

"ఉంటే మంచిదే పెద్దమ్మా."

పది గంటలు కొట్టకముందే సూదిని గుడ్డకు గుచ్చి లేచింది. "ఇంటికి పోయొస్తా."

పన్నెండున్నరకు మళ్ళీ అదే మాట. మూడింటికి మళ్ళీ.

"ఊరికే పరిగెత్తతాండావు, ఇంట్లో పాలు పొంగిపోతాండాయా మే?"

"అవును పెద్దమ్మా," అని ఆయేషా వెళ్ళిపోయింది.

మరునాడు మధ్యాహ్నం వాణికి నెయ్యి, వెల్లుల్లికారం వేసి వేడన్నం పెట్టింది వెంకటశేషమ్మ. ఆయేషాకు పొద్దుటి సద్దన్నం, ఆవకాయ పెట్టింది.

"ఇది నాకు పడదు పెద్దమ్మా. వేడన్నం ఒక ముద్దుంటే చాలు."

"పనికొచ్చి పత్యాలు చెప్తాండావే," అంది వెంకటశేషమ్మ. వేడన్నం మాత్రం పెట్టలేదు.

ఆ సాయంత్రం వెంకటశేషమ్మ పెరట్లో నీళ్ళు కాచుకుంటోంది. లోపల పిల్ల గుక్కపట్టింది. ఆయేషా వరండాలో కుట్టు ఆపి, సంచీ బొంతా తీసుకుని, గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళింది.

"అక్కా, అట్ట నిటారుగా లేవబాక. ముందు పక్కకు తిరుగు. కాళ్ళు కిందికి జార్చు. ఉండు."

తన సంచిలోంచి ఒక తాడు తీసింది. పాత చీర చింపులు జడలా అల్లి మూడు ముళ్ళేసిన తాడు. మంచం కాళ్ళ వైపు కట్టింది.

"ఇది పట్టుకో. మోచెయ్యి ఆనించు. నిదానంగా."

వాణి లేచి కూర్చుంది. ఎవరూ లాగకుండా.

సంచిలోంచి ఒక బుల్లి దిండు కూడా తీసింది ఆయేషా. "దగ్గొచ్చినా నవ్వొచ్చినా దీన్ని కుట్టు మీద అదిమి పట్టుకో. ఆ బెల్టు కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకుంటే ఒరుసుకోదు."

"ఇన్ని ఎట్ట తెలుసు నీకు?"

"బట్టలు కుట్టేదాన్ని, కుట్ల సంగతి తెలీదా అక్కా."

వాణికి నవ్వొచ్చింది. దిండు పొట్టకు అదుముకుంది. ఆయేషా కూడా నవ్వి, చేతిలో ఉన్న బొంతను తన పొట్టకు అదుముకుంది.

వెంకటశేషమ్మ వచ్చేసరికి వాణి మంచం అంచున కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే ఆయేషా మీద విరుచుకుపడింది.

"పురుటి స్నానం కాకుండా బయటోళ్ళు బాలింత గదిలోకి రాకూడదని తెలీదా మే?"

ఆయేషా కుర్చీలోకి వెళ్ళి సూది పట్టుకుంది. మూడో రోజుకు బొంతలు ముగించి వెళ్ళిపోయింది. తాడు, దిండు వాణి దగ్గరే ఉండిపోయాయి.

పది రోజులకు వాణి ఇల్లంతా తిరుగుతోంది.

"ఆ పిల్లవి ఆ పిల్లకు ఇచ్చేసిరా అమ్మా," అంది.

స్టేషను వెనక ఇంటికి వెంకటశేషమ్మ వెళ్తే, ఆయేషా తల్లి జమాల్‌బీ తలుపు తీసింది.

"దిండు తెచ్చినారా? మంచిపని చేసినారమ్మా. ఇన్నాళ్ళూ తువ్వాలు మడిచి పెట్టుకుని దగ్గతాంది."

"ఎవరు?"

జమాల్‌బీ లోపలికి చూపించింది. మంచం కాళ్ళ వైపు తాడు ఒరిసిన గుర్తు ఉంది. మంచం మీద ఆయేషా, ఒళ్ళో పసిగుడ్డు.

"మీ వాణికి మల్లే మా ఆయేషాకూ పెద్దాపరేషనే. నలభై కాకుండా గడప దాటబాకే అంటే విన్లా. ఆ బిడ్డకు బొంత కుడతానని మాటిచ్చినానమ్మా అని, ఇరవయ్యెనిమిదో రోజునే మీ ఇంటికొచ్చేసింది."

వెంకటశేషమ్మ మంచం దగ్గరికి వెళ్ళి దిండు చాపింది.

"రేపు పొద్దున్నే నెయ్యి, వెల్లుల్లికారం, వేడన్నం పట్టుకొస్తా మే."

"ఆలస్యమైపోయింది పెద్దమ్మా. ఈరోజుతో నలభై నిండినాయి," అంది ఆయేషా. "ఇంక ఆ ఆవకాయే తెండి."

నవ్వుతూ దిండు అందుకుని పొట్టకు అదుముకుంది.

అంచు విప్పావా? ఇటివ్వు, తాడు అల్లుదాం. ఈ సంగతి గుర్తుపెట్టుకుని, నువ్వు ఎవరి మంచానికి ఈ తాడు కట్టినా, కట్టేటప్పుడు వాళ్ళకూ చెప్పు.