పూత మీదున్న మొక్క

విరిగిన బకెట్లో ఒక టమాటా మొక్క పెట్టుకుని, దాన్ని చంటిపిల్లలా చంకనెత్తుకుని, ఒకాయన వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వచ్చాడు.

ఆ ఏడు ఆకుమాడు తెగులు ఎంత ఘోరంగా కమ్మిందంటే, సంచుల మీద అచ్చేసిన టమాటా బొమ్మలు కూడా వాడిపోయాయని జనం చెప్పుకున్నారు.

"చేనంతా మాడిపోయిందమ్మా. ఇదొక్కటే పచ్చగా నిలబడింది. ఏమిటో కాస్త చూడండి" అన్నాడు, అక్కడ మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేసే డాక్టరమ్మతో.

డాక్టరమ్మకు ఊపిరాడని పని. మొహమాటానికి రెండాకులు తుంచి పరీక్షకు పంపింది.

పూత మీదుంది, జాగ్రత్త తల్లీ అంటూ, కూతుర్ని అత్తారింట దింపినవాడిలా వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడాయన.

పేరు ఎవరూ అడగలేదు.

బయటి మొక్కను కేంద్రంలో ఉంచకూడదని నియమం. సాయంత్రానికల్లా తగలబెట్టారు. సంతకం డాక్టరమ్మదే.

నెల తిరిగాక ఆకుల ఫలితం వచ్చింది.

జన్యువు నేరుగా చిక్కదు. ఫలానా కొట్టు పక్కిల్లు అని ఆరా తీసినట్టు, దాని పక్కనుండే డీఎన్ఏ గుర్తుల్ని పట్టుకుని వెతకాలి. తెగులును తట్టుకునే జన్యువు కోసం డాక్టరమ్మ ఏళ్ళుగా వెతుకుతోంది. అది ఆ రెండాకుల్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"డీఎన్ఏ మన దగ్గరుందిగా మేడమ్, చాలదా?" అన్నాడు అసిస్టెంటు.

"దాన్ని నాటితే మొలవదు నాయనా. విత్తనం కావాలి."

జన్యువు ఇల్లు దొరికింది, మనిషి ఇల్లే దొరకలేదు. తెగులు పట్టిన ఊళ్ళన్నీ జీపులో గాలించారు. చివరికి కూరగాయల బజారులో ఎవరో ఆనవాలు చెబితే, ఇరుకు సందులన్నీ తిరిగి వెళ్ళారు.

గుమ్మంలో ఆయనే. డాక్టరమ్మ నోరు తెరిచేలోపే గబగబా లేచాడు.

"నా మొక్క కాయ పట్టిందా అమ్మా?"

ఆమె తల వంచుకుని, ఇంకో మొక్క గానీ, నాలుగు గింజలు గానీ ఉన్నాయా అని మాత్రం అడగగలిగింది.

"ఉన్న ఒక్కటీ మీ చేతుల్లోనే పెట్టాను కదమ్మా."

ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. ఏటా అందరికన్నా ముందు తమ చేనుకే తెగులు ఎందుకు తగులుతోందో, చదువుకున్నవాళ్ళు మీరైనా చెప్పండమ్మా అంది.

డాక్టరమ్మ తలెత్తి పెరటి వెనక చేను వైపు చూసింది. దానికి హద్దుగా ఉన్నది తమ కేంద్రం వెనక గోడే. మొక్కల సత్తా తేల్చడానికి ఏటా తన చేతులతో తెగులు అంటించే మడి ఆ గోడ అవతలే ఉంది. గాలి అటునుంచే వీస్తోంది.